అహ్మదీలో ముగ్గురు మామలు

కువైట్‌లో అహ్మదీ నగరాన్ని కట్టించింది మా ఓబులేసు.

సరే, కట్టించలేదు. ఆ ఊరు కట్టేనాటికి వాళ్ల నాన్న కూడా పుట్టలేదు. చమురు కోసం వచ్చిన దొరలు దక్షిణాన ఎడారి గుట్ట మీద చెట్లు నాటి, వీధులకు నంబర్లు వేసి, తోటలున్న ఇళ్లు కట్టుకున్నారు. అయితే ఊరు కట్టడం వేరు, ఊరికి చరిత్ర కట్టడం వేరు. ఆ రెండో పని మాత్రం ఒక శుక్రవారం పొద్దున ఓబులేసే చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ కథను మనవరాలికి చెప్పినప్పుడు ఇందులో ఒక ఒంటె కూడా ఉండేది. కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి, అచ్చులో అబద్ధం రాయబోతే సిస్టర్ల బెత్తం ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకని ఒంటెను తీసేశాను. మిగతాది ఉంచాను.

ఓబులేసుది రాయచోటి వైపు. అర్దియాలో ఏసీలు బాగుచేసే షాపులో డ్రైవరు. షాపు వానెట్, అంటే వెనక సామాను వేసుకునే చిన్న బండి, అతని చేతిలోనే ఉంటుంది. మనిషి సన్నం, మీసం దట్టం, మాట అంతకన్నా దట్టం. "తెలియదు" అన్న మాట ఒక్కటి అతనికి తెలియదు. ఎక్కడికి పొమ్మన్నా "తెల్సు సార్" అని బండి కదిలించి, ఆ తర్వాత దారి వెతుక్కుంటాడు. కువైట్‌లో తెలియదన్న డ్రైవరుకు రెండో ప్రశ్న వేయరు, వేరే డ్రైవరును వేసుకుంటారు.

మా అల్లుడు ఫణి సాల్మియాలో ఉంటాడు. ఇంజనీరు. నలభై దాటగానే కొందరికి చత్వారం వస్తుంది, ఫణికి సైకిల్ వచ్చింది. తనలాంటి మరో ఆరుగురిని పోగుచేసి, కువైట్‌ను ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా తొక్కాలని తీర్మానించాడు. ఎంత నెమ్మదిగా తొక్కినా అది రెండు రోజుల పని. కానీ ఫణి ఇంటర్నెట్‌లో విదేశీయుల సైకిల్ యాత్రలన్నీ చదివాడు. వాటన్నిటిలోనూ ఒక విశ్రాంతి దినం ఉంది. ఆ దినాన యాత్రికులు దక్షిణాదిన ఏదో ఒక చారిత్రక నగరాన్ని తిరిగి చూస్తారు. అది లేకపోతే యాత్ర యాత్ర కాదట, వ్యాయామమట.

"మనకు దక్షిణాన చారిత్రక నగరం ఏముందండీ?" అని సభ్యుల్లో పెద్దవాడైన వీరభద్రరావు అడిగాడు. ఆయన పళ్ల డాక్టరు. ప్రతిదానిలోనూ పుచ్చు వెతుకుతాడు.

సామాను మోయడానికి మాట్లాడుకున్న వానెట్ పక్కన నిలబడి ఓబులేసు అన్నాడు: "అహ్మదీ ఉండాది గదా సార్. దాని చరిత్రంతా నాకు తెల్సు."

అలా ఒకరోజు తొక్కి, మర్నాటి విశ్రాంతికి అహ్మదీ పక్కనే ఉన్న ఫహాహీల్‌లో గదులు తీసుకున్నారు. కారెక్కితే అరగంటలో సొంత మంచాలున్నాయి. అయినా యాత్రలో సొంత మంచం మీద పడుకోకూడదని నియమం. తొక్కే పని లేకపోయినా పొద్దున్నే అందరూ ఒంటికి అతుక్కునే ఆ సైకిల్ బట్టలే వేసుకుని, హెల్మెట్లు పెట్టుకుని, సైకిళ్లు నడిపించుకుంటూ బయల్దేరారు. లేకపోతే వాళ్లు విశ్రాంతిలో ఉన్నారని చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

నేను వానెట్‌లో ముందు కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఒక స్టీలు డబ్బా ఉంది. మూత సందులోంచి వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయల వాసన కమ్మగా కొడుతోంది. చెయ్యి చాపాను.

"అది ఊరిబిండి సార్. మీకు గాదు," అన్నాడు.

"మరెవరికి?"

సమాధానంగా ఫోన్‌లో ఒక ఆడగొంతు వినిపించాడు. "మామా, మామా పిలుస్తాంది. పెట్టేస్తాండా." అంతే.

"నా పెండ్లాం సార్, సంజీవమ్మ. మొదటి మామ నేను. రెండో మామ ఆ ఇంటి యజమానురాలు. ఈడ పనోళ్లు ఇంటావిడను మామా అనే పిలవాల."

విషయం ఇదీ. సంజీవమ్మ అహ్మదీలో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తుంది. ఓబులేసుకు సెలవు శుక్రవారం. ఆ ఇంట్లో మాత్రం శుక్రవారమే బంధువులంతా మధ్యాహ్నం భోజనానికి దిగుతారు. ఇతని తీరిక రోజే ఆమెకు ఊపిరాడని రోజు. ఒకే దేశంలో ఉండి కూడా ఎండాకాలం ముందు చూసుకున్న మొహాలు, చలికాలం వెళ్లిపోతున్నా మళ్లీ చూసుకోలేదు.

"గేటు కాడికి పోయి పిలవొచ్చు కదయ్యా?"

"ఒక్క మొగోడు గేటు కాడ నిలబడితే దొంగ అంటారు సార్. ఏడు మంది నెత్తిన టోపీలు పెట్టుకోని నిలబడితే టూరిస్టులు అంటారు."

అప్పుడు నాకు చారిత్రక నగరం అర్థమైంది.

ఆ వీధికి చేరడానికి ముందు కాస్త చరిత్ర అవసరం కనుక, దారిలో ఓబులేసు దాన్ని ధారాళంగా పంచాడు. ఒక మామూలు దీపస్తంభం చూపించి, "నూనె బావి తవ్విన దొర దీన్ని ఒక పొద్దు ఆర్పేది మర్చిపాయె. అప్పట్నించి ఎవురూ ఆర్పలే," అన్నాడు. అది వెలగడం లేదని ఎవరూ గమనించలేదు. ఏడుగురూ ఫొటోలు తీసుకున్నారు. ఒక చెత్తడబ్బా పక్కన ఆగి, నీళ్లను ఒంటెల మీద తెచ్చే కాలంలో ఇక్కడే గుమాస్తా కూర్చునేవాడన్నాడు. (చెప్పానుగా, ఒంటెను పూర్తిగా తీసేయడం కష్టం.)

"అవును, నేనెక్కడో చదివాను," అన్నాడు వీరభద్రరావు.

ఓబులేసు ఉలిక్కిపడి ఆయన వైపు చూశాడు. తను అప్పుడే పుట్టించినదాన్ని మరొకరు ముందే చదివి ఉండటం అతనికి కూడా కొత్త.

చివరికి గేటు ముందు బాదం చెట్టున్న ఇల్లు వచ్చింది. వానెట్ ఆపి, డబ్బా చంకన పెట్టుకుని దిగాడు. గొంతు సవరించుకుని, అందరికన్నా గేటుకు బాగా వినబడేలా మొదలుపెట్టాడు. "ఇది ముఖ్యమైన స్థలం సార్. మొట్టమొదటి దొరసాని నాటిన చెట్టు ఇది. ఈడ గంటసేపన్నా ఉండాల."

గేటు తెరుచుకుంది. చేతిలో చీపురుతో, నెత్తికి గుడ్డ చుట్టుకున్న ఆడమనిషి. ఓబులేసును చూసింది. చీపురు జారిపోయింది.

"మామా," అంది. గట్టిగా కాదు, కానీ ఇన్నాళ్ల బాకీ అంతా ఆ ఒక్క మాటలో పెట్టి.

ఓబులేసు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె వెనక నుంచి ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో యజమానురాలు వచ్చి, "ఇష్ తబీన్?" అంది, ఏం కావాలే అన్నట్టు. అదే సమయంలో ఫణి నా భుజం తట్టి, "మామయ్యగారూ, మిమ్మల్నేనా?" అన్నాడు.

ఒక్క పిలుపుకు మామలం ముగ్గురం తేలాం.

యజమానురాలు నన్ను చూసింది, ఓబులేసును చూసింది. తర్వాత ఏడుగురి బట్టలు చూసి మర్యాదగా ఆకాశం చూసింది. ఫణి ఇంగ్లీషులో తమ యాత్ర గురించి, ఈ ఇంటి చారిత్రక ప్రాముఖ్యం గురించి వివరించాడు. ఆవిడ ఆ ఇంట్లోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇంత ముఖ్యమైన తన ఇంటి సంగతి తనకింతవరకూ ఎవరూ చెప్పలేదని నొచ్చుకుని, అందరినీ లోపలికి పిలిచి, మగవాళ్లు కూర్చునే హాల్లో టీ ఇప్పించింది. చెట్టు నాటిన దొరసాని గురించి వీరభద్రరావు ఆవిడకు పావుగంట చెప్పాడు. అందులో ఓబులేసు చెప్పినది రెండు ముక్కలే.

ఓబులేసు మాత్రం సీసాల్లో నీళ్లు పట్టే నెపంతో వంటింట్లోకి జారాడు. నేను చెయ్యి కడుక్కునే నెపంతో గుమ్మం దాకా జారాను. మధ్యాహ్నం విందుకు కొండంత ఉల్లిగడ్డలున్నాయి. అతను కత్తి అందుకుని కోయడం మొదలుపెట్టాడు.

"మామా, బో సన్నబడినావే," అంది సంజీవమ్మ.

"ఇష్ తబీన్?" అని హాల్లోంచి గొంతు.

"ఏం లేదు మామా," అని అటు అరిచింది.

"ఏందే?" అన్నాడు ఓబులేసు.

"నిన్ను గాదు."

"మల్ల నన్నెప్పుడు పిలుస్తావు?"

"ఇబ్బుడే పిలిస్తి గదా. మామా, ఆ ఉల్లిగడ్డ కండ్లల్లో పెట్టుకోబాకు. ఎందుకా ఏడుపు?"

"ఉల్లిగడ్డకే లే."

ఈసారి హాల్లోంచి గొంతుకు బదులు చెప్పుల చప్పుడు బయల్దేరింది. ఇంకొక్కసారి మామా అంటే ఆవిడ వంటింట్లోనే ఉంటుంది. అన్నం కుండ పొంగుతోంది, సంజీవమ్మ చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని అనేసింది.

"ఓబులేసూ, ఆ మూత తియ్యి."

కత్తి ఆగింది. మా కాన్వెంటులో హాజరు పిలిచినప్పుడు కూడా ఎవరూ అంత నిటారుగా లేచి నిలబడలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోటి వెంట ఆ పేరు రాలేదట. అతను మూత తీశాడు. మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

చెప్పులు ఆగలేదు. యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. సగం కోసిన ఉల్లిగడ్డలు, తెరిచిన ఊరిబిండి డబ్బా, సిగ్గుతో ఎర్రబడ్డ పనిమనిషి, మూత పట్టుకున్న చరిత్రకారుడు. "మిను హాదా?" అని అడిగింది. ఎవరితను? సంజీవమ్మ పిండి చేతులు గబగబా దులుపుకుంది. ఈ కొలువు పోతే ఇద్దరూ ఒకే దేశంలో ఉండటం అన్నది కూడా పోతుంది.

"మామా," అంది యజమానురాలితో. తర్వాత గడ్డంతో ఓబులేసును చూపించి, గొంతు తగ్గించి, "ఈన గూడా మామా," అంది.

ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, వీళ్లు మొగుడూ పెళ్లాలని పసిగట్టింది. ఊరిబిండి వేలితో తీసి నాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లు తాగాక నవ్వింది. హాల్లో వీరభద్రరావు ఇంకా చెబుతూనే ఉన్నాడు. అటువైపు చెయ్యి ఊపి, ఓబులేసుకు అర్థమయ్యే ముక్కల అరబ్బీలో తీర్పు చెప్పింది: "సైకిల్ మాఫీ. ఇంతా ఈజీ. జుమా, బాద్ గదా."

సైకిళ్లు వద్దు, నువ్వొక్కడివే రా, శుక్రవారం, భోజనాల తర్వాత. 'గదా' అంటే వాళ్లకు మధ్యాహ్న భోజనం. ఓబులేసు మన 'గదా' అనుకుని, "అవును మామా, తర్వాతే గదా," అన్నాడు. అర్థం ఎలాగూ కుదిరింది.

మర్నాడు అల్లుడి బృందం దక్షిణం కొస చేరి, దారి మొత్తంలో అహ్మదీయే గొప్ప అని తీర్మానించింది. ఆ బాదం చెట్టు దగ్గర యజమానురాలి చుట్టాలు ఇప్పుడు ఫొటోలు దిగుతున్నారట. అచ్చుకు పంపే ముందు ఇదంతా ఓబులేసుకు చదివి వినిపించాను. ఆ రోజు శుక్రవారమే. చదవడం అయ్యేసరికి వానెట్ అహ్మదీ దారిలో రిగ్గై సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. మీసం కొత్తగా దువ్వి ఉంది, ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. చివరిదాకా విని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"నేను అహ్మదీకే పోలేదు సార్. ఆ పొద్దంతా అర్దియాలో బండికి ఆయిల్ మారుస్తాంటి. మొగున్ని పేరు పెట్టి పిల్చే పెండ్లాం మా పక్క యాడా ఉండదు. అంతా అబద్దం."