వెనక్కి తిప్పి చూసిన పువ్వు

భీమిలికి పెళ్లికి వెళ్లినప్పుడు సముద్రపు రాళ్ల సందులోంచి జానెడు తీగ తుంచుకొచ్చాను. మందపాటి ఆకులు, ఎర్రటి కాడ. చిక్కడపల్లిలో మా బాల్కనీ కుండీలో గుచ్చితే నెలలో అల్లుకుంది.

“గంగవాయిలి కూరనే గదా! నారాయణగూడ మార్కెట్ల కట్టలకు కట్టలున్నది,” అంది అత్తమ్మ.

“గంగవాయిలికి పసుపు పువ్వు. దీనిది గులాబీ, భీమిలిల చూసిన.”

“ఉప్పునీళ్ల పక్కన పుట్టింది, రంగు మారదా? గురువారం పప్పులేస్త.”

ఇరవై ఆరేళ్లుగా మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగలేదు. నేను బాటనీ చదివానని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్ ఫారాలు చూస్తాను. ఎనిమిదికి వెళితే చీకటిపడ్డాకే రావడం, ఆదివారాలు మాక్ టెస్టులు. ఆ పువ్వేమో పొద్దెక్కాక విచ్చి, సాయంత్రానికి ముడుచుకుంటుంది, నా కంట పడదు. ఫోనుకు ఆకులు చూపిస్తే మూడు పేర్లు చెప్పింది, అందులో గంగవాయిలి ఒకటి. ఫోనుతో కూడా వాదించే ఓపిక లేదు.

గురువారం చెప్పులేసుకుంటూ అన్నాను: “తెంపే ముందు ఒక పువ్వు వెనక్కి తిప్పి చూడుండ్రి. గంగవాయిలికి రేకుల కింద రెండు పచ్చ డొప్పలుంటయి. దీనికి డొప్పలు లేకుంటే, రేకే బయట పచ్చగ, లోపల గులాబీగ ఉంటే, అది వేరే మొక్క.”

“నీ పరీక్ష నేను రాయాల్నా?”

అబద్ధమే చెబుతుందనుకున్నాను. ఆవిడ స్థానంలో ఉంటే నేనైతే చెప్పేదాన్నే.

రాత్రి లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కేసరికి తలుపు దగ్గరే పప్పు పోపు వాసన. మొక్క పని అయిపోయిందనుకుని చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డాను.

“తోటకూర పప్పు,” అంది అత్తమ్మ, నేను అడక్కుండానే. “డొప్పలు లేవే. అయిదే రేకులు. బయట పచ్చ, లోపల గులాబీ. నాలుగు పువ్వులు చూసిన, అన్నీ గట్లనే. రేకు కొసకు చిన్న కొమ్మోలె ఉన్నది, అది నువ్వు చెప్పనేలేదు.”

ఆ కొమ్ము సంగతి నిజంగానే మర్చిపోయాను. సెసూవియం. ఎన్నేళ్లకో, బాటనీలో చదివిన ఆ మొక్క పేరు పైకి అన్నాను. గెలిచినందుకు ఎగరాలి కదా, కాళ్లు లాగుతున్నాయి.

“తింటరా దాన్ని?”

తినరని చెబితే మొక్క బతుకుతుంది. కానీ ఆవిడ నాలుగు పువ్వులు తిప్పి చూసి ఉన్నదున్నట్టు చెప్పింది.

“తింటరు. ఉడకబెట్టి ఆ ఉప్పునీళ్లు రెండుసార్లు పారబోయాలె.”

“గంత పరేషాన్ ఎవలు పడ్తరు? ఉండనియ్. రేపెన్ని పూస్తయో చూసి చెప్త. ముందుగాల చెప్పులిడువు.”