ఐర్లండు కవితను గల్లీలో చదివిన మా టీచరమ్మ

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిందన్న కబురు నాకు ముంబై దగ్గరి భివండి పక్కనున్న పూర్ణ ఊళ్లో, నేను పనిచేసే గోడౌన్‌లో ఉండగా తెలిసింది. ఫోన్‌లో ఆమె మరిది, "బిడ్డా, వదినె పొద్దుగాల పోయింది. నువ్వు రా" అని పెట్టేశాడు. ఆటోలో భివండి చేరేసరికి గల్లీ నిండా ఆమె దగ్గర చదువుకున్న పిల్లలే. పిల్లలంటే, ఇప్పుడు సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్లు, చంకన బిడ్డల్ని ఎత్తుకున్నవాళ్లు.

తర్వాతి వారం తెలుగువాళ్ల సంఘం హాలులో సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా ఆమెను శాంతమూర్తి అన్నారు. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదన్నారు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే. ఆమె శాంతమూర్తి కాదు. ఆ అబద్ధాన్ని పూలదండలా ఆమె ఫొటోకు వేసి వదిలెయ్యడం నాకిష్టం లేదు.

కరీంనగర్ వైపు నుంచి పెళ్లయి భివండి వచ్చిందామె. భర్త పోయాక మరిది కార్ఖానా మీది ఒంటిగది ఖోలీలో ఉండేది. కింద పవర్‌లూం సాంచాల మోతకు పైన నేల వణికేది. ఆ మోత మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు పెరిగిందేమో, మా తెలుగు మీడియం బడిలో ఆమె పాఠం చెబితే పక్క తరగతి కూడా వినాల్సిందే.

ముంబైలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేచోట ఆమెకొక కవితల పుస్తకం దొరికింది. రాసినామె మన కాలపు ఐర్లండు కవయిత్రి. ఎడమ పేజీలో ఐరిష్ భాషలో ఆమె రాసింది, కుడి పేజీలో దానికి ఎవరో చేసిన ఇంగ్లీషు. ఆ కవయిత్రికి ఇంగ్లీషు బాగా వచ్చునట. అయినా కవిత్వం మాత్రం తన ఊరి భాషలోనే రాస్తుందట.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఆ పుస్తకం తెరిచి మాకు చూపించింది.

"ఈ ఎడమ పక్కది నాకు ఒక్క ముక్క రాదు. అయినా రోజూ చూస్త. ఎందుకో చెప్పుండ్రి."

పుస్తకాన్ని మా వైపు తిప్పి, తనే చెప్పింది.

"చదివేటోళ్లు తక్కువున్నరని తెల్సి కూడ రాసింది. గందుకు."

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "టీచర్, మనం తెలుగు మాట్లాడితే బస్సుల నవ్వుతరు" అంది.

"నవ్వనియ్. వాళ్ల నవ్వు వాళ్లది, నీ మాట నీది. నువ్వు ఆపకు."

ఆ కవితల్లో ఏముందని అడిగితే టీచరమ్మ పెద్ద సిద్ధాంతాలేవీ చెప్పేది కాదు. ఆలుగడ్డలు, ఆరని బట్టలు, చేపలు కడిగిన చేతుల వాసన, ఇలాంటివే ఉంటాయనేది. "పెద్ద మాట యాడొస్తదో అని చూస్త. రాదు. వాకిట్ల నిలబడి మాట్లాడినట్టే మాట్లాడి, లోపలికి పోయి తలుపేసుకుంటది. ఆమె ఏడ్వదు. మనకు పని పెడ్తది." కవిత్వం గురించి నేను తర్వాత విన్న ఉపన్యాసాలేవీ ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు.

అందులో ఆమెకు బాగా నచ్చినది ఒక తల్లి కవిత. పల్లె నుంచి పెద్ద పట్నానికి వచ్చి, ఇళ్లల్లో పాచిపని చేసుకునే తల్లి. బడికి పోయే కూతురితో బస్సులో పోతుంటుంది. అందరూ చూస్తున్నారు, మన ఊరి భాషలో మాట్లాడకు అని కూతురు చెవిలో చెబుతుంది. తల్లి నోరు మూసుకుంటుంది. దిగాల్సిన చోటు రాగానే మాత్రం లేచి నిలబడి, తన భాషలోనే గట్టిగా, బస్సు ఆపమంటుంది. బస్సు ఆగుతుంది. అంతే కవిత.

టీచరమ్మ దాన్ని తెలుగు చేసింది. పుస్తకాల తెలుగు కాదు, మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగు. సంఘం ఏటా వేసే సంచికకు పంపింది. కొన్నాళ్లకు రమ్మని కబురొస్తే నన్ను తోడు తీసుకుపోయింది. అప్పుడు నేను పదో తరగతి.

సంఘం అధ్యక్షుడు మర్యాదగానే కూర్చోబెట్టాడు. "మంచిగ రాసినవు టీచరమ్మా. భాష జర సాఫ్ చేసినం, అంతే. హైదరాబాద్ నుంచి పెద్దమనుషులొస్తున్నరు. మనం గట్ల, ఎట్ల అని రాస్తే ఏమనుకుంటరు?"

ఆమె కాగితం చదివింది. "బస్సు ఆపు, నేను దిగుత" అని తను రాసినచోట "బస్సును ఆపవలెను, నేను దిగవలసియున్నది" అని ఉంది.

"అన్నా, గిట్లంటే ఏ డ్రైవరన్న ఆపుతడా?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"కవితల బిడ్డ తల్లిని ఏమన్నదో సదివినవా?"

"సదివిన."

"బిడ్డ అన్నదే ఇప్పుడు నువ్వంటున్నవు. వేస్తే నేను రాసినట్టు వెయ్యి. లేకుంటే వద్దు."

"అయితే వద్దు తియ్" అన్నాడాయన, నవ్వు మానేసి.

బయటికొచ్చాక ఆమె నాతో, "శుక్రవారం మన కార్ఖానల చదువుదం. అందరికి చెప్పు" అంది. శుక్రవారం సాంచాలకు సెలవు. కానీ ఆమె మరిదికి నూలు వచ్చేది అధ్యక్షుడి దుకాణం నుంచే. శుక్రవారం మేం పోయేసరికి కార్ఖానాకు తాళం వేసి ఉంది. మరిది తలుపు ముందే నిలబడి ఉన్నాడు.

"వదినె, నూలు బంద్ అయితే నా పని ఖతం. నన్ను ఇరికియ్యకు."

ఆమె ఆయన మీద కోపం చెయ్యలేదు. "తాళం ఉండనియ్. గల్లీకి తాళం లేదు గద" అని తన ఖోలీలోని చాపలు తెచ్చి రోడ్డు మీద పరిచింది. మొదట ఆడవాళ్లే వచ్చారు, బియ్యం ఏరుకుంటూ. తర్వాత లుంగీల్లో సాంచాల కార్మికులు. గల్లీలోకి ఒక ఆటో వచ్చి, దారి లేక, అక్కడే ఆగిపోయింది. సాంచాలు లేని నిశ్శబ్దంలో ఆమె గొంతు గల్లీ చివరిదాకా పోయింది. "బస్సు ఆపు, నేను దిగుత" అన్నచోట ఎవరో ఆడమనిషి ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

నూలు కండెలు చుట్టే ఒక అవ్వ అడిగింది: "గీమెది ఏ ఊరు బిడ్డా? సిరిసిల్ల దిక్కా?"

"కాదవ్వా. ఐర్లండు. సముద్రాల అవుతల."

"ఆడ గూడ సాంచాలున్నయా?"

"ఏమో. బస్సులైతే ఉన్నయి."

అవ్వ చాప మీద ఇంకాస్త ముందుకు జరిగింది. "ఇంకోసారి సదువు" అంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు శుక్రవారాలు గల్లీలో కవితలు నడిచాయి. నూలు ఆగలేదు. సంచికలో ఆమె పేరు ఎన్నడూ రాలేదు. ఒక్క మాట మార్చుకుంటే వచ్చేది. ఆమె మార్చలేదు.

సంతాప సభలో ఆ కవిత చదువుతానని అడిగాను. టైం లేదన్నారు. నేను లేచి గల్లీకి వచ్చేశాను. వెనకాలే సగం హాలు వచ్చింది. మరిది ఏమీ అనకుండా కార్ఖానా తాళం తీసి, బల్లలు తనే బయటికి మోశాడు. ఆమె రాసింది రాసినట్టు చదివాను.

కానీ నాకు గుర్తుకొచ్చేది ఆ రోజు కాదు. పోయిన వానాకాలం ఆమెకు ఒంట్లో బాగాలేదు, మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. చూడటానికి పోతే ఖోలీలో లేదు. ఇంకా పైన, డాబా మీద ఉంది. సన్నగా వాన పడుతోంది. ఆ కవయిత్రి రాసిన వాన కవితను తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయిందట.

"టీచర్, తడుస్తున్నరు. లోపలికి రాండ్రి."

"ఆగు. ఇది ముసురు గాదు, తుప్పర గాదు. దీనికి మనకాడ వేరే మాట ఉన్నది. మా అమ్మ అంటుండె."

మళ్లీ పిలిచాను. ఆమె తిరగలేదు. కళ్లద్దాల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, అరచెయ్యి వానలోకి చాపి, పెదవులు కదుపుతూ అక్కడే నిలబడింది.