చిన్న ఊపిరి

నేను రాడార్లతో పనిచేస్తాను. ఈ మాట చెప్పగానే అందరికీ విమానాలు గుర్తొస్తాయి. మావి ఆకాశంలోకి చూసేవి కావు. టిఫిన్ క్యారియర్ కంటే కాస్త పెద్ద పెట్టె, అంతే. కూలిన ఇంటి మీద పెడితే, దిమ్మెల కింద ఎవరి ఛాతీ అయినా ఊపిరికి కదులుతుంటే పసిగడుతుంది. ఎనిమిదేళ్లు దానికే పోయాయి. మంచిపని చేస్తున్నానని పైకి చెప్పుకోలేదు గానీ లోపల బాగానే పొంగిపోయేదాన్ని.

పరీక్షల కోసం మా కంపెనీ బెంగళూరు శివార్లలో హొసకోటె అవతల కొంత స్థలం అద్దెకు తీసుకుంది. అక్కడ మాకో కూలిన ఇల్లు కావాలి. పీహెచ్‌డీలు చేసిన నలుగురం దగ్గరుండి సిమెంటు దిమ్మెలు పేర్పించాం. అవి బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు వరసగా కుదిరాయి. పక్క స్థలంలో గోడ కడుతున్న మేస్త్రీ వచ్చి చూసి నవ్వాడు. అరవై దాటిన మనిషి, చింతామణి వైపు ఊరు, ఇంట్లో తెలుగే.

"ఇదేందమ్మా, ఇల్లు పడితే ఇట్ల పడ్తాదా? స్లాబు ఒక పక్కకి వాల్తాది. దాని కింద మూలలో స్వల్ప జాగా మిగుల్తాది. మనిషి ఉండేది ఆడ."

ఆయనకెలా తెలుసని అడిగాను. వాళ్ల తమ్ముడు సెంట్రింగ్ పనిలో ఉండగా మూడంతస్తుల కట్టడం కూలిందట. రెండు రోజులు కింది నుంచి పిలుపు వినబడింది. ఏ మూల తవ్వాలో తెలియక జనం ఇంకో మూల తవ్వారు. అంతవరకే చెప్పి, లుంగీ బిగించి, మా దిమ్మెలన్నీ పీకించి మళ్లీ పేర్పించాడు.

తర్వాత వాటి కింద పడుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. మా ఇంజనీర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేనూ ముందుకు రాలేదు. "సుమ్నే, ఊరికే పండుకొనేదే గదమ్మా," అని ఆయనే దూరాడు. వాకీటాకీలో తియ్యమంటే ఊపిరి తీసేవాడు, ఆపమంటే ఆపేవాడు. ఒకరోజు బయటికొచ్చి ఒంటి దుమ్ము దులుపుకుంటూ, "పెద్దోళ్లు సరే, కింద చిన్నబిడ్డ ఉంటే ఈ పెట్టెకి తెలుస్తాదా?" అని అడిగాడు.

తెలియదు. పెట్టెలో ఒక అంకె ఉంటుంది. అంతకంటే చిన్న కదలికను గాలో ఎలుకో అనుకుని అది వదిలేస్తుంది. పసిపిల్లల ఛాతీ కదలిక ఆ అంకె కంటే తక్కువ. దాన్ని తగ్గిస్తే కుక్క ఉన్నా మనిషనే చెబుతుంది. చెప్పనీ, తవ్వితే కుక్క బతుకుతుంది, నష్టమేముంది అనుకుని తగ్గించాం. అయితే పరీక్ష కోసం పసిబిడ్డను దిమ్మెల కింద పడుకోబెట్టలేం కదా. మేస్త్రీ ఇంటికెళ్లి, నిద్రపోతున్న మనవరాలి పక్కన కూర్చుని ఆ ఊపిరి నేర్చుకొచ్చాడు. పైపైన, చిన్నగా, గబగబా. మధ్య మధ్యలో ఆగుతూ పొద్దంతా అలాగే తీశాడు. బయటికొచ్చేసరికి కళ్లు తిరిగి గోడకు చేరగిలబడ్డాడు. ఆ రోజు మా పెట్టె ఆయన్ని బిడ్డ అనుకుంది. మేం చప్పట్లు కొట్టాం.

ఆ మరుసటి వేసవిలో సరిహద్దులో యుద్ధం మొదలైంది. బెంగళూరుకు అది ఫోన్లలోనే వచ్చింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో జెండాలు పెట్టేవాళ్లు పెట్టారు, నీళ్ల ట్యాంకర్ రాలేదని తిట్టేవాళ్లు తిట్టారు. మూడో రోజు మా డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచాడు. మామూలు బట్టల్లో ఇద్దరు సైన్యాధికారులు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన చాలా మర్యాదగా, గోడకు ఇటువైపు పెడితే అటు గదిలో మనుషులున్నారో లేదో తెలుస్తుందా అని అడిగాడు. తెలుస్తుందన్నాను. తెలిసిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

వాళ్లు వెళ్లాక డైరెక్టర్, "టెస్ట్ రిపోర్ట్ మీద మీ సైన్ కావాలి మేడం. సోమవారానికల్లా," అన్నాడు.

"గదిలో మనుషులున్నారని తెలిశాక వాళ్లేం చేస్తారు?"

"అది మన స్కోప్ కాదు కదండీ. మనం ఇన్‌స్ట్రుమెంట్ ఇస్తాం, డెసిషన్ వాళ్లది. బోర్డర్లో మనవాళ్లు చచ్చిపోతుంటే మీరిలా మాట్లాడితే ఎలా?"

అతనన్నదీ నిజమే. గదిలో తుపాకీ పట్టుకుని ఎవడో పొంచి ఉంటే, మా పెట్టె వల్ల ఒక జవాను బతకొచ్చు. కానీ పెట్టెకు తుపాకీ తెలియదు. ఊపిరి తెలుసు, అదీ మేం పనిగట్టుకుని నేర్పిన చిన్న ఊపిరి దాకా.

ఆదివారం మల్లేశ్వరంలో మా ప్రొఫెసర్ ఇంటికి వెళ్లాను. నాకు చదువు చెప్పిన మనిషి. శాస్త్రవేత్తలూ యుద్ధాలూ అంటూ చాలా వ్యాసాలు రాశారు. కాఫీ ఇచ్చి అంతా ఓపిగ్గా విన్నారు. సంతకం పెట్టొద్దంటారని ఆశపడ్డాను. ఎవరైనా వద్దంటే చాలు, ఆ మాట పట్టుకుని వేలాడదామనుకున్నాను.

"నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారమ్మా," అన్నారు. "నువ్వైతే కనీసం పరిమితులు సరిగ్గా రాస్తావు. రాసిపెట్టు. రికార్డులో ఉండాలి. మనం చెయ్యగలిగింది అదే."

మా రిపోర్టుల చివర పరిమితుల పేజీ ఒకటి ఉంటుంది. పరికరానికి ఏం చేతకాదో అందులో ఒప్పుకోవాలి. అది నిజాయితీగా రాసేస్తే మన బాధ్యత తీరిపోయినట్టేనని మా వృత్తిలో అందరం నమ్ముతాం. సోమవారం పొద్దున్నే కూర్చుని నా జీవితంలోకెల్లా మంచి పేజీ రాశాను. ఇది ఊపిరిని మాత్రమే గుర్తిస్తుంది, ఎవరి ఊపిరో చెప్పలేదు. గోడ అవతల నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరిని సైతం పట్టి, మనిషి అనే చూపిస్తుంది. దీన్ని నమ్ముకుని దాడి చేయరాదు.

ఇంకో దారి ఉండేది. ఆ అంకెను మళ్లీ పెంచేస్తే చాలు, అర నిమిషం పని. పిల్లలు మాత్రమే ఉన్న గది ఖాళీ గదిలా కనిపించేది. కీబోర్డు మీద వేలు పెట్టి తీసేశాను. అలా చేస్తే పెట్టెలో అంకెకూ రిపోర్టులో కొలతకూ పొంతన ఉండదు. కొలతను మార్చకూడదని ఇరవై ఏళ్లుగా కొత్తగా చేరే ఇంజనీర్లకు నేర్పుతున్నదాన్ని. దొంగ అంకె పెట్టడానికి సిగ్గుపడ్డాను, సంతకం పెట్టడానికి పడలేదు. ఇది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

వారం తిరక్కుండానే సైన్యం నుంచి ఆమోదపత్రం వచ్చింది. నేను రాసిన పేజీని పక్కన పడేస్తారనుకున్నాను. లేదు, శ్రద్ధగా చదివారు. ఆ పత్రంలో 'ప్రత్యేకతలు' అన్న శీర్షిక కింద నా వాక్యం సగం ఉంది: గోడ అవతల నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరిని సైతం పట్టగలదు. ముందూ వెనకా ఉన్న వాక్యాలు లేవు. డైరెక్టర్ దాన్ని ప్రింటు తీయించి నోటీసు బోర్డులో పెట్టించాడు. లిఫ్టు దగ్గర ఎదురైనవాళ్లంతా కంగ్రాట్స్ చెప్పారు.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. "అయ్యో," అన్నారు. "నువ్వు రాసిన పేజీ కాపీ నీ దగ్గరుందా?" అని అడిగారు. ఉందన్నాను. "మంచిది, జాగ్రత్తగా పెట్టు," అన్నారు. ఆయన గొంతులో నిజంగానే ఊరట వినిపించింది.

కొన్నాళ్లకు యుద్ధం ఆగింది. అవతలివైపు కూలిన ఇల్లొకటి టీవీలో చూపించారు. అది మా పెట్టె చూపించిన ఇల్లో కాదో నాకు తెలియదు. అడిగితే ఎవరూ చెప్పరు. రాజీనామా ఉత్తరం రాసుకున్నాను, భాష చాలా బాగా కుదిరింది. పంపలేదు. ఇప్పుడూ అదే ఆఫీసుకు, అదే క్యాబ్‌లో వెళుతున్నాను.

కిందటి నెల హొసకోటె స్థలం ఖాళీ చేశాం. కూలిన ఇంటితో మాకిక పనిలేదు, నిలబడ్డ గోడలు చాలు. దిమ్మెలు తీయించడానికి మేస్త్రీకి కబురు పెట్టాను. ఆయనకు ఎవరం ఏమీ చెప్పలేదు. బయట ఎవరికీ చెప్పబోమని మేమంతా కాగితాల మీద రాసిచ్చాం. యుద్ధమప్పుడు పెట్టెలు లారీకెక్కడం మాత్రం ఆయన చూశాడు.

"టీవీలో చూస్తిమమ్మా, ఆడ ఇండ్లన్నీ పడిపోయి ఉండాయి. మన పెట్టెలు ఆడికే పోయినాయంట గదా?"

"అవును, అక్కడికే."

"బాగా పనిచేసినాయా?"

"చేశాయి."

గడ్డపార పక్కన పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎంతమందిని బయటికి తీసినారమ్మా?"

చెప్పాల్సిందంతా నోటిదాకా వచ్చింది. రాసిచ్చిన కాగితం గుర్తొచ్చి ఆగానంటే అది అబద్ధం. ఆయన ముఖం చూసి ఆగాను.

"చాలామందిని," అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. నేను వద్దనలేదు.