అక్క ఇంటి వాననీళ్ళు

మొన్న మనవరాలు టీ కెటిల్ బోర్లించి, అడుగున తెల్లగా పేరుకున్న పెచ్చు చూపించి, "ఇదేంది తాతయ్యా, సున్నమా?" అంది. మన పల్నాడు నీళ్ళమ్మా అన్నాను గానీ, ఆ పెచ్చు చూడగానే అరవై ఏళ్ళ కిందటి మంట మళ్ళీ రగిలింది, ఏం చేయను!

యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో వేరుశనగ నూనెను గట్టిపరిచి సబ్బుల వాళ్ళకు అమ్మే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. నూనె హైడ్రోజన్‌ను పట్టి గడ్డకట్టాలంటే నికెల్ పొడి కావాలి, అది సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, రావడం ఆగిపోవడంతో మా బావే, అంటే అక్క భర్త, అక్కడే తయారుచేసేవాడు. నికెల్ ఉప్పును కరిగించి, సోడా పోసి, అడుగున దిగిన పచ్చటి ముద్దను కడిగి, ఆరబెట్టి, హైడ్రోజన్ పోనిస్తూ కాల్చి నల్లటి పొడి చేయడం, ఇదీ పని. నేను కాలేజీ చదువు ముగించి అక్క ఇంట్లోనే ఉంటూ, మూడు నెలలు ఆయన వెనక తిరిగి అంతా నోటుబుక్కులో రాసుకున్నాను. "ఏడుసార్లు కడగాల్రా బామ్మర్దీ, అంతే కిటుకు" అనేవాడు. దేవుడి మాటలా నమ్మాను, ఆయన తొట్టిలో ముందే నిండి ఉండే నీళ్ళు ఎక్కడివని మాత్రం అడగలేదు.

నా చేత్తో చేసిన పొడికి నూనె గడ్డకడితే కెమిస్టు ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు యజమాని. ఏడు కాదు, తొమ్మిదిసార్లు కడిగాను, ఫ్యాక్టరీ బావి నీళ్ళతో. సాయంత్రమైనా నూనె నూనెగానే ఉండిపోయింది. "చదువుకున్నోడివి, ముద్ద కడగటం చాతగాదంట్రా?" అని యజమాని అందరి ముందూ దులిపేస్తుంటే బావ తల దించుకున్నాడు, నా మీద జాలితో కాబోలనుకున్నాను, పిచ్చివాణ్ణి!

వారం తిరక్కుండా ఆ ఉద్యోగం బావ తమ్ముడికి వచ్చింది. ఊరెళ్ళిపోదామని పెట్టె సర్దుకుని పెరట్లోకి వెళ్తే, అక్క బానల్లో పట్టి ఉంచిన వాననీళ్ళను ఆ తమ్ముడు కావడికెత్తుకుంటున్నాడు, ఫ్యాక్టరీకి. ఆ బానలు నేను రోజూ చూసినవే. ఇన్నెందుకక్కా అని ఒకసారి అడిగితే, "బాయి నీళ్ళకు పప్పు ఉడకదురా" అన్నది. మన బావుల్లోని ఉప్పులు ముద్దలో మిగిలితే నికెల్ పనిచేయదని అప్పుడు వెలిగింది నాకు. వంటింటి గుమ్మంలో ఉన్న అక్క వైపు చూశాను. "ఎవరికీ చెప్పొద్దన్నాడురా ఆయన" అని పొయ్యి వైపు తిరిగింది.

బావ పరాయివాడే అనుకుని ఆ మోసం దిగమింగాను. నన్ను చంకనెత్తుకుని పెంచిన అక్క చేసింది మాత్రం ఈనాటికీ మింగుడుపడలేదు. మాచర్ల బడిలో సైన్సు మాస్టారుగా బతుకు వెళ్ళదీశాను. ఇప్పుడు మంచినీళ్ళు క్యాన్లలో ఇంటింటికీ వస్తున్నాయి, బానలు లేవు, బావా లేడు, అక్కా లేదు. ఆ పరీక్ష రోజు పొద్దున కూడా, ఆ వాననీళ్ళతో వండిన పప్పే నెయ్యి వేసి కలిపి, కడుపునిండా తినిపోరా తమ్ముడా అని పెట్టింది.