పొద్దుటి వేళ్లు

గద్వాల దగ్గర మేం సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, వేసేవాళ్లం. 2000 దాటిన తొలి ఏళ్లు అవి. ఆ పంటలో మధ్యాహ్నం మొగ్గలు గిల్లి మగభాగం తీసేస్తారు. మర్నాడు పొద్దున ఎండ ముదరకముందే వాటికి మగపువ్వు పుప్పొడి అద్దుతారు. అంతా వేళ్ల పనే.

ఒక ఏడు మా ఆవిడ పొద్దుటి అద్దకానికి రావడం మానేసింది.

"ఏళ్లు వంగుతలేవు. జర ఎండెక్కినంక వస్త," అనేది.

మధ్యాహ్నం మాత్రం అందరితో సమానంగా మొగ్గలు గిల్లేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు మా ఆవిడ ఆలస్యంగా చేలోకి దిగితే, కూలికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె, "అక్క గద్వాల రాణి లెక్క, పదింటికి గాని దిగదు," అని నవ్వింది. ఆ నవ్వు నాకు తగిలింది. అందరి ముందే అన్నాను: "మధ్యాహ్నం వంగే ఏళ్లు పొద్దుగాల ఎందుకు వంగవే? పని తప్పించుకోనీకె యేషాలు."

మా ఆవిడ మగపువ్వు తీసుకుని పుప్పొడి అద్దబోయింది. పువ్వు చేతిలోంచి జారింది. అది కూడా కావాలనే చేసిందనుకున్నాను.

ఊరి ఆర్ఎంపీ సూది వేస్తే పది రోజులు బాగుండేది. తర్వాత కణుపులు మళ్లీ ఉబ్బేవి. బాగున్న ఆ పది రోజులనూ నేను సాక్ష్యంగానే వాడుకున్నాను. పంటలు రెండు గడిచాయి. వేళ్లు వంకర తిరిగాకే కర్నూలు తీసుకుపోయాను.

కీళ్ల డాక్టరు ఆమెనే అడిగాడు, పొద్దున ఎంతసేపు బిగుసుకుపోతాయని. జవాబు నేను చెప్పాను: "మధ్యాహ్నమైతే మంచిగనే పని చేస్తది సార్."

"అదే ఈ కీళ్లవాతం గుర్తు," అన్నాడాయన.

మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని ప్రోటీన్లను వాడుకుంటాయట. సైటోకైన్లంటారు. ఈ జబ్బులో ఏ రోగమూ రాకపోయినా ఆ కబుర్లు ఆగవు. కీలు వాస్తుంది. ఎముకను కరిగించే కణాలు అదే కబురుతో లేస్తాయి. తెల్లవారుజామున వీటి జోరు ఎక్కువ, అందుకే పొద్దున బిగుసుకుపోవడం. ఎక్స్‌రేలో కణుపుల దగ్గర ఎముక అంచులు కొరికినట్టున్నాయి.

"మందులతో వాపు తగ్గుతుంది. అరిగిన ఎముక మాత్రం తిరిగి రాదు. ముందే రావాల్సింది," అన్నాడు.

ఆ మాటకు ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

తిరిగొచ్చే బస్సులో తప్పు నాదేనని నసిగాను. "నాకెందుకు చెప్తవ్? చేన్ల అందరి ముంగట అన్నవ్ కద, గాడనే చెప్పు," అంది.

మరుసటి పంటలో చెప్పాను. చేలో నిలబడి, ఆమెది జబ్బని, తప్పు నాదని అందరికీ వినబడేలా చెప్పాను. వాళ్లు పని ఆపి మొహమొహాలు చూసుకున్నారు. ఆ రోజు నేను ఆమెను అన్న మాట విన్నవాళ్లలో అక్కడ ఇద్దరో ముగ్గురో మిగిలారు. తక్కినవాళ్లు వేరే చేలకు పోయారు, కొందరు వలస పోయారు. కొత్తగా వచ్చినవాళ్లకు నేనేం మాట్లాడుతున్నానో తెలియలేదు.

ఇంటికొచ్చి ఆమెకు చెబితే, "గీళ్లకేం తెల్సని చెప్పినవ్? అప్పుడు ఇన్నోళ్లు యాడున్నరో ఆడికి పో," అంది.

కొందరి ఇళ్లకు వెళ్లాను. కొందరు ఎక్కడున్నారో ఇప్పటికీ తెలియదు. వాళ్లలో ఎవరికైనా, చదివి వినిపించేవాళ్లుంటే, ఇది చేరాలి.