సూడాన్ వారి పళ్ళెంలో నా కాళ్ళు

ఆ రోజుల్లో మనిషికి అన్నం లేకపోయినా వంశం ఉంటే చాలనుకునేవాణ్ణి. మా తాతగారి దివాణంలో ఏనుగు ఉండేదని దుబాయ్ డేరా పేటలో తెలియని తెలుగువాడు లేడు (నేనే చెప్పాను). ఏనుగు పోయింది, దివాణం పోయింది, డెబ్బైల చివర నేను దుబాయ్‌లో సిమెంటు గోదాములో తాత్కాలిక గుమాస్తానయ్యాను. వీపు మాత్రం వంగలేదు. ఉద్యోగం ఖాయం కావాలంటే మా ముదీర్, అంటే మేనేజరు, ఒక్క మాట చెప్పాలి. ఆయనది సూడాన్. అదంతా ఇసుకేననీ, మర్యాదలు తెలిసినవాళ్ళు అక్కడ ఉండరనీ నా భూగోళ జ్ఞానం.

ఒక శుక్రవారం నమాజు తర్వాత ఆయన నన్నూ, మా డ్రైవరు నెల్లూరు భాయినీ ఇంటికి భోజనానికి పిలిచాడు. చాప మీద కూర్చున్నామో లేదో, తెల్లటి పొడుగు జుబ్బా, తలపాగాతో ఒక ముసలాయన చెంబూ పళ్ళెమూ తెచ్చి నా ముందు వంగాడు. ఫరవాలేదే, నౌకరుకి పద్ధతి తెలుసు అనుకుని, మా ఇంట్లో అతిథులకు జరిగినట్టే రెండు కాళ్ళూ చాచి ఆ పళ్ళెంలో పెట్టాను.

"ఏంది దొరా ఈ పని! అది చేతులు కడిగే పళ్ళెం" అని భాయి నా చెవిలో బుసకొట్టాడు. "ఆయన ముదీర్ వాళ్ళ నాయన. వాళ్ళ ఊరికంతా పెద్ద!"

కాళ్ళు వెనక్కి తీసుకోబోయాను. పెద్దాయన మాత్రం తాపీగా నీళ్ళు పోసి, వేళ్ళ సందులు కూడా కడిగి, తన భుజం మీది తువాలుతో తుడిచాడు. తరవాత నవ్వుతూ అరబ్బీలో మొదలుపెట్టాడు. భాయి తెలుగు చేస్తూ వచ్చాడు.

"మా దేశం చానా పెద్దది నాయనా అంటుండాడు. ఉత్తరాన నైలు ఒడ్డంతా ఖర్జూరం తోటలంట. తూర్పున ఎర్ర సముద్రం కొండల్లో ఒంటెలోళ్ళు, అల్లం వేసిన కాఫీ. పడమట వాళ్ళ ఊరుండే దార్‌ఫూర్‌లో కొండ మీద పచ్చటి తోటలు. దక్షిణాన చూపు ఆనని చిత్తడి నేలలు, ఆవులే ఆస్తి, నచ్చిన ఎద్దు పేరే మనిషీ పెట్టుకుంటాడంట. ఒక్కోచోట ఒక్కో భాష, ఒక్కో మర్యాద. అన్నీ తిరిగినా ఈ కాళ్ళ మర్యాద మాత్రం తగల్లేదంట. ఈరోజు అదీ చూశానంటుండాడు."

అందరూ నవ్వారు. ముదీర్ నవ్వలేదు. నా ఉద్యోగం ఆ నీళ్ళతోనే పోయిందనుకున్నాను. అందరం ఒకే పెద్ద తట్టలో తిన్నాం. పెద్దాయన మెత్తటి మాంసం ముక్కలు తుంచి నా వైపు జరుపుతుంటే తల వంచుకుని వాటిని భాయి వైపు తోశాను.

మర్నాడు ముదీర్ పిలిచాడు. "ఖలాస్, నువ్వు పర్మనెంట్. నాకు ఇష్టం లేదు. మా నాన్న మాట. అంత సిగ్గుపడేవాడికి గోదాం తాళాలు ఇవ్వచ్చన్నాడు."

ఇప్పుడు మనవరాలికి అట్లాసులో సూడాన్ చూపిస్తూ నదులూ కొండలూ గడగడా చెబుతాను. దార్‌ఫూర్ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే కుర్చీ కిందికి ముడుచుకుంటాయి. "చలేస్తోందా తాతయ్యా?" అంటుంది. అవునమ్మా అంటాను.