ముప్పావు వంతు తేనె

ఆ రోజుల్లో నాకు నోరొక్కటే ఉండేది, చెవులు తర్వాత మొలిచాయి. (మరీ తాతలనాటి సంగతి కాదు, సెల్‌ఫోన్లు వచ్చాకే.) గుంటూరులో మాది గాజుల కొట్టు. ఎవరేం చెప్పినా సగానికి అడగడం మా ఇంట్లో ఉగ్గుతోనే పట్టేస్తారు. డాక్టరు వారానికి మందులు రాస్తే మా నాన్న మూడు రోజులకు బేరమాడేవాడు.

మా మేనత్త తన మేడ మీద గుమ్మడి పాదు పెట్టింది. రెండేళ్లు పిందెలన్నీ రాలిపోయాయి. మూడో ఏడు పక్కనున్న గోరింట కొమ్మకు అరచేతంత తేనెపట్టు పట్టింది, కాయలు నిలిచాయి. ఆ ఈగలంటే అత్తకు ప్రాణం. కింది వాటాల వాళ్లకు హడల్. పట్టు కొట్టేవాణ్ణి పిలిపించారు. ఆ పొద్దున నేనక్కడే ఉన్నాను. అత్త స్నానానికి వెళ్తూ, "ఒసేయ్, మాటకారివిగా, అతన్ని ఎలాగోలా పంపించెయ్. పట్టు మీద చెయ్యి పడకూడదు" అంది.

అంతలోనే వచ్చాడతను. వద్దని చెప్పబోతుంటే, "తేనెలో పావు వంతు మీకమ్మా" అన్నాడు. అంతే, ఒళ్లు మరిచిపోయాను. "పావా? మేడ మాది, కొమ్మ మాది, అవి తాగిన పువ్వులు మావి! ముప్పావు ఇయ్యి." "చంపేశారు! సగం తీసుకోండి." "పక్క వీధిలో అతను ముప్పావు ఇస్తానన్నాడు." (పక్క వీధిలో ఉన్నది చెప్పుల షాపు.) "సరే తల్లీ, బోణీ బేరం, కానివ్వండి" అంటూ పొగబెట్టడానికి కొబ్బరిపీచు తీశాడు. నేనేం గెలిచానో అప్పుడు తెలిసింది. మా కొట్లవాళ్లు బోణీ బేరం కుదిరాక మాట వెనక్కి తీసుకోరు.

తడిజుట్టుతో అత్త పైకొచ్చింది. "పంపించెయ్యమంటే పట్టు బేరం పెట్టావటే!" "ముప్పావు మనకేనత్తా" అన్నాను. "నీ ముప్పావు తగలెయ్య!" అత్తదీ ఆ కొట్లో పుట్టుకే, మాట తప్పలేదు, సరుకు మార్చింది. పాదులోకెల్లా పెద్ద గుమ్మడికాయ కోసి అతని చేతిలో పెట్టి, "తేనెకి బదులు ఇదే బోణీ అనుకో నాయనా" అంది. అతను పట్టు వంక చూశాడు, కాయ బరువు చూశాడు. "ఇందులో ఉండేదే చెంచాడు. ఈ అమ్మాయిగారి ముప్పావు పోతే నేను వేలు నాక్కోవడమే" అని పీచు సంచిలో పెట్టేసుకున్నాడు. దిగుతూ కింది వాళ్లతో, "చిన్న ఈగలండీ, మీరు కదపకపోతే వాటి మానాన అవి ఉంటాయి" అని కూడా చెప్పాడు. పట్టు నిలిచింది.

ఇప్పుడు నా మేడ మీదా పూల కుండీలు పెట్టాను. ఈగలొస్తున్నాయి. గాజులన్నీ తిరగేసి ఏవీ కొనకుండా లేచిపోయే ఆడవాళ్లలా పువ్వు పువ్వూ చూసి పోతున్నాయి. ఒకప్పుడైతే వీధి చివరిదాకా వెంటపడి పిలిచేదాన్ని. ఇప్పుడు కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని, మాట్లాడకుండా కూర్చుంటున్నాను. మా అత్తకు చెబితే నమ్మలేదు.